అమ్మానాన్నలతో 11 రోజుల యూరప్ రైలు ప్రయాణం: పాస్ కొనాలా, ఎన్ని ఊళ్లు పెట్టుకోవాలి?

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, నేనేమైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. మీరు, మీ శ్రీమతి, నాన్నగారు (68), అమ్మగారు (62, మోకాళ్ల నొప్పులు) జూన్‌లో హైదరాబాద్ నుంచి 11 రోజులకు యూరప్ వస్తున్నారు. పాత నగరాలు చూడాలి, ఊరికీ ఊరికీ మధ్య రైల్లోనే తిరగాలి. లిస్టులో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్, రోమ్ ఉన్నాయి. పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. యూరైల్ పాస్ (చాలా దేశాల రైళ్లలో చెల్లే ఒకే పాస్) కొనాలా, విడివిడిగా టికెట్లు తీసుకోవాలా, ఫస్ట్ క్లాస్ అవసరమా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. పాస్ వద్దు. ఏడు ఊళ్లూ వద్దు. ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడే పెట్టుకోండి. విమానం ప్రాగ్‌లో దిగేలా, తిరుగు విమానం బుడాపెస్ట్‌లో ఎక్కేలా ‘మల్టీ సిటీ’ టికెట్ తీసుకోండి. ప్రాగ్‌లో 3 రాత్రులు, వియన్నాలో 4, బుడాపెస్ట్‌లో 3. వియన్నాలో ఉన్నప్పుడు ఒక రోజు బయటికి వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. సామాన్లతో ఎక్కాల్సిన రైళ్లు మొత్తం రెండే. ఆ రెండు టికెట్లూ ముందే కొనేయండి.

నేను జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 12 ఏళ్లుగా ఉంటున్నాను. ఎండాకాలం వచ్చిందంటే మా ఇల్లు సత్రమే. అమ్మానాన్న, అత్తమామలు, పెద్దమ్మ, బాబాయి వాళ్లు, అందరినీ వంతులవారీగా ఈ దారిలో ఇప్పటికి ఎనిమిది సార్లు తిప్పాను. పైగా మా నాన్న విజయవాడలో రైల్వేలో టీఆర్‌డీ, అంటే పైన కరెంటు తీగలు చూసుకునే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనతో రైలెక్కితే కిటికీలోంచి మనం కోటలు చూస్తాం, ఆయన స్తంభాలు చూస్తారు. కాబట్టి కింద రాసినదాంట్లో రైళ్ల గోల కాస్త ఎక్కువే ఉంటుంది, భరించండి.

మూడు ఊళ్లే ఎందుకంటే

మ్యాప్‌లో నాలుగు గంటల రైలు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఊరు మారే రోజున ఏం జరుగుతుందో లెక్కేయండి. పొద్దున సూట్‌కేసులు సర్దాలి. పది, పదకొండుకల్లా గది ఖాళీ చేయాలి. స్టేషన్‌కి అరగంట ముందు చేరాలి. రైల్లో నాలుగు గంటలు. దిగాక కొత్త ఊళ్లో దారి వెతుక్కోవాలి. గది మధ్యాహ్నం మూడుకి గానీ ఇవ్వరు. మాత్రలున్న డబ్బా ఏ సూట్‌కేసులో పెట్టామో వెతికేసరికి సాయంత్రం అవుతుంది. నాలుగు గంటల రైలు ఏడెనిమిది గంటలు తినేస్తుంది. ఏడు ఊళ్లంటే ఇలాంటి రోజులు ఆరు. రాకపోకలు తీసేస్తే మీ చేతిలో ఉన్నవే తొమ్మిది, పది రోజులు.

నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. అత్తమామల్ని 9 రోజుల్లో 6 ఊళ్లు తిప్పాను. ఐదో ఊరు వెనిస్. అక్కడ స్టేషన్ తలుపు దాటితే విశాలమైన మెట్లు, ఎదురుగా గ్రాండ్ కెనాల్, పడవలు. ప్రపంచంలో అలాంటి స్టేషన్ వాకిలి ఇంకోటి లేదేమో. మా మామగారు ఆ మెట్ల మీద కూర్చుని, బూటు విప్పి, వాచిన పాదం వైపే చూస్తూ ఉండిపోయారు. “నీళ్లు చూడండి మామయ్యా” అంటే “ఉన్నాయిలే బాబూ” అన్నారు, తల ఎత్తకుండా. ఆ తర్వాత నేనెప్పుడూ పది రోజులకు మూడు ఊళ్లు దాటించలేదు.

రోమ్ చూడకపోతే యూరప్ చూసినట్టే కాదని నాన్నగారు అంటే, ప్లాన్ మొత్తం మార్చేయండి. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చేయండి. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడి నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. అది కూడా చక్కటి రైలు దారే. కానీ వెనిస్‌లో 400కు పైగా వంతెనలున్నాయి, చాలావాటికి మెట్లే. అమ్మగారి మోకాళ్ల సంగతి మీరే ఆలోచించుకోండి. ఇటలీని, ఈ మూడు ఊళ్లనీ ఒకే ట్రిప్‌లో కలపడం మాత్రం వద్దు. వియన్నా నుంచి వెనిస్‌కే పగటి రైల్లో ఏడు గంటలకు పైగా పడుతుంది.

పాస్ ఎందుకు వద్దంటే

యూరైల్ యూరప్ బయట నివాసం ఉండేవాళ్లకు. ఇక్కడ ఉంటున్న మాలాంటివాళ్లకు అదే తరహా పాస్ ఇంటర్‌రైల్ పేరుతో ఉంటుంది. మీకు సరిపోయే రకంలో నెల రోజుల్లో ఇష్టమొచ్చిన 4 రోజులు, 5 రోజులు, 7 రోజులు రైలెక్కొచ్చు. నేను చెప్పిన ప్లాన్‌లో మీరు దూరం వెళ్లే రోజులు మూడే, అందులో ఒకటి గంట, గంటంబావు ప్రయాణం. నలుగురికి నాలుగు రోజుల పాస్ కొనే డబ్బుతో ఆ మూడు రోజుల విడి టికెట్లు కొని, చాలా మిగుల్చుకోవచ్చు. నేను ప్రాగ్–వియన్నా టికెట్ ముందుగా కొన్నప్పుడు మనిషికి 20 నుంచి 30 యూరోల మధ్యే పడింది. ప్రయాణానికి వారం ముందు చూస్తే అదే రెండు, మూడింతలు అవుతుంది.

పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, పారిస్–ఆమ్‌స్టర్‌డామ్ మధ్య యూరోస్టార్ లాంటి హైస్పీడ్ రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. కొన్నింట్లో పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు తక్కువ, అవి ముందే అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ వైపు ఈ బెడద తక్కువ.

పాస్ పనికొచ్చేవాళ్లు లేకపోలేదు. మా కజిన్ డిగ్రీ అయ్యాక ఒక్కడే భుజాన సంచి వేసుకుని మూడు వారాలు తిరిగాడు. వాన పడితే ఊరు మార్చేసేవాడు. 27 ఏళ్లు దాటనివాళ్లకు తగ్గింపు కూడా ఉంటుంది. వాడికి పాస్ బంగారం. మాత్రలు, కుక్కర్, ఆవకాయ జాడీలతో కదిలే కుటుంబం అలా వాన చూసి ఊరు మార్చదు.

టికెట్లు కొనేటప్పుడు

ఆస్ట్రియా రైల్వే (ఓబీబీ), చెక్ రైల్వే వెబ్‌సైట్లలో నేరుగా కొనండి. మన దగ్గరి ఏజెంట్ వెబ్‌సైట్లలో అదే టికెట్ మీద కమిషన్ వేస్తారు. ఆస్ట్రియా టికెట్లు చాలావరకు ఆరు నెలల ముందు నుంచే దొరుకుతాయి. అగ్గువ టికెట్లు ఆ ఒక్క రైలుకే పనికొస్తాయి, రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు. అందుకే వీసా వచ్చాకే కొనండి, లేదా కాస్త ఎక్కువ పెట్టి రద్దు చేసుకోగల టికెట్ తీసుకోండి. వీసా దరఖాస్తులో చూపించడానికి ప్రయాణ ప్లాన్, హోటల్ బుకింగులు ఉంటే నాకు ఇబ్బంది రాలేదు.

ఈ రైళ్లలో టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ కొన్నంత మాత్రాన కూర్చోవడానికి చోటు ఉందని కాదు. సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. మీరు వదలొద్దు. కొన్ని యూరోలే. జూన్‌లో శుక్రవారం సాయంత్రం అది లేకుండా ఎక్కి, పెద్దమ్మను రెండు గంటలు మడత కుర్చీ మీద కూర్చోబెట్టిన పాపం నాది. టేబుల్ చుట్టూ ఎదురెదురుగా నాలుగు సీట్లుండే చోటు ఎంచుకుంటే మీ నలుగురికీ సరిపోతుంది. పసుపు రంగు ప్రైవేటు రైళ్లు, రెగియోజెట్ వాళ్లవి, ప్రాగ్–వియన్నా మధ్య తిరుగుతాయి. వాటిలో మాత్రం సీటు టికెట్‌తోనే వస్తుంది.

స్టేషన్ పేర్లు ఇంగ్లిష్‌లో వెతికితే కొన్నిచోట్ల దొరకవు. ప్రాగ్ అంటే ‘ప్రాహా’, పెద్ద స్టేషన్ ‘హ్లావ్నీ నాద్రాజీ’. వియన్నా అంటే ‘వీన్’, పెద్ద స్టేషన్ ‘హౌప్ట్‌బాన్‌హోఫ్’. అదే ఊళ్లో ‘మైడ్లింగ్’ అని ఇంకో స్టేషన్ ఉంది, కంగారులో అక్కడిదాకా వెళ్లిపోకండి. బుడాపెస్ట్‌లో రైలు ముందు ‘కెలెన్‌ఫోల్ద్’లో ఆగి తర్వాత ‘కెలెతి’కి వెళ్తుంది. మీ గది నదికి ఇవతల బుడా వైపు ఉంటే కెలెన్‌ఫోల్ద్‌లోనే దిగి మెట్రో ఎక్కొచ్చు. పెస్ట్ వైపు అయితే కెలెతి దాకా కూర్చోండి.

కోచ్ నంబరు చూడకుండా ఎక్కొద్దు. కొన్నిసార్లు రెండు రైళ్లను ఒకటిగా కలిపి నడుపుతారు. దారిలో ఒక స్టేషన్‌లో విడదీస్తారు, ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి పోతాయి. లోపలి నుంచి ఒక సగంలోంచి రెండో సగంలోకి నడిచి వెళ్లే దారి ఉండదు. ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ, డీ అని బోర్డులుంటాయి, మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెరమీద చూపిస్తారు. రైలు మనవైపులా పది నిమిషాలు ఆగదు, రెండు మూడు నిమిషాలే. పెద్దవాళ్లను ఆ అక్షరం కింద ముందే నిలబెట్టండి. పోర్టర్లు ఉండరు.

ఆలస్యమైతే? గమ్యానికి 60 నిమిషాలు, ఆపైన ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం తిరిగి అడగొచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధన అది. మధ్యలో రైలు మారాల్సి ఉంటే రెండింటికీ కలిపి ఒకే టికెట్ కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి రైల్లో పంపిస్తారు. విడివిడిగా కొంటే ఆ పూచీ ఉండదు. ఒకసారి నేను పది యూరోలు మిగులుతాయని రెండు వేరువేరు టికెట్లు కొని, మొదటి రైలు 40 నిమిషాలు ఆలస్యమై, ఐదుగురికీ కొత్త టికెట్లు కొనుక్కున్నాను. నేను చెప్పిన ప్లాన్‌లో రెండూ నేరుగా వెళ్లే రైళ్లే, ఈ టెన్షన్ ఉండదు.

ప్రాగ్

జూన్‌లో ప్రాగ్ మన టైమ్ కంటే మూడున్నర గంటలు వెనక. దిగిన మర్నాడు పెద్దవాళ్లు తెల్లవారుజామున మూడున్నరకే లేచి కూర్చుంటారు. తిట్టుకోకండి, వాడుకోండి. జూన్‌లో అక్కడ ఐదుకల్లా తెల్లారుతుంది. ఐదున్నరకి చార్లెస్ వంతెన మీదికి తీసుకెళ్లండి. 1357లో నాలుగో చార్లెస్ మొదలుపెట్టిన రాతి వంతెన, అటూ ఇటూ విగ్రహాలు. పది దాటితే భుజం భుజం రాసుకునే జనం, జేబుదొంగలు. ఐదున్నరకి నది మీద పొగమంచు, వీధులూడ్చే బండి, ఎవరో పెళ్లి ఫొటోల జంట. మా అమ్మ అక్కడ కాసేపు నిలబడి “ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే ఇలాగే ఉండేది” అంది.

కోటకు కొండెక్కి నడవొద్దు. 22వ నంబరు ట్రామ్ కోట వెనక దింపుతుంది, ‘ప్రాజ్‌స్కీ హ్రాద్’ స్టాప్. కోట లోపలి సెయింట్ వైటస్ చర్చిని 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు. మన ఊళ్లో ఫ్లైఓవర్ ఆలస్యమైందని తిట్టుకునే నాన్నలకు ఈ ముక్క చెప్పండి. అందరూ ‘దిగడమే కదా’ అని మెట్ల దారిలో కిందికి నడుస్తారు. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. మళ్లీ ట్రామ్‌లోనే రండి. మెట్రో ఎస్కలేటర్లు కూడా మనవాటికంటే వేగంగా, చాలా పొడుగ్గా ఉంటాయి. ‘నామ్యెస్తీ మీరు’ స్టేషన్‌లోది 87 మీటర్లు. అమ్మగారికి అలవాటు లేకపోతే ట్రామ్‌లే నయం.

పాత ఊరంతా రాళ్లు పరిచిన వీధులు. మా పెద్ద సూట్‌కేసు చక్రం అక్కడే ఊడి, మిగతా ట్రిప్ అంతా దాన్ని కుంటిగుర్రంలా లాగాను. గది పెద్ద స్టేషన్‌కి దగ్గర్లో, ట్రామ్ స్టాప్ పక్కన చూసుకోండి.

ప్రాగ్ నుంచి వియన్నా, సుమారు 4 గంటలు

మొదటిసారి నాన్నతో వెళ్లినప్పుడు ఆయన ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెనక్కి వచ్చి, “ఇంజిన్ లేదేంట్రా?” అన్నారు. మేం ఎక్కింది రైల్‌జెట్. ఒక చివర ఇంజిన్, రెండో చివర డ్రైవర్ క్యాబిన్ ఉన్న పెట్టె ఉంటాయి. ఆ రోజు ఇంజిన్ వెనక నుంచి తోస్తోంది. దాంతో ఆయనకు నిద్ర ఎగిరిపోయింది.

ప్రాగ్ వైపు తీగల్లో 3,000 వోల్టుల డీసీ. దారిలో స్వితావి ఊరి దగ్గర అది 25,000 వోల్టుల ఏసీకి మారుతుంది. ఆస్ట్రియాలో ఇంకోసారి మారి 15,000 వోల్టులు, 16.7 హెర్ట్జ్. ఒకే ఇంజిన్ మూడు రకాల కరెంటూ తాగుతుంది. స్వితావి దగ్గర చల్లగాలి హోరు ఒక్కసారిగా ఆగింది, రైలు ఊపుమీదే జారుతోంది. “న్యూట్రల్ సెక్షన్” అన్నారు నాన్న, కళ్లు మూసుకునే. రెండు రకాల కరెంటుల మధ్య కరెంటు లేని తీగ ముక్క అన్నమాట. కొన్ని క్షణాలకు హోరు మళ్లీ వచ్చాక కళ్లు తెరిచి మమ్మల్నందరినీ చూశారు, ఆ స్విచ్ తానే వేసినట్టు.

దారిలో పెద్ద స్టేషన్ బ్రనో. పదో తరగతిలో బఠాణీ మొక్కలు, పొడుగు, పొట్టి, 3:1 అని బట్టీ పట్టాం గుర్తుందా? ఆ గ్రెగర్ మెండెల్ మఠం ఈ ఊళ్లోనే. తన ఫలితాలను 1865లో చదివి వినిపించిందీ ఇక్కడే. దిగనక్కర్లేదు, కానీ రైలు ఆగినప్పుడు చెప్పండి. మా ఆవిడ బయాలజీ టీచర్, కిటికీకి అతుక్కుపోయింది.

వియన్నా–బ్రనో దారి యూరప్‌లో చాలా పాత దారుల్లో ఒకటి. 1839లోనే వియన్నా నుంచి బ్రనోకి రైలు నడిచింది. మన బోరీబందర్–ఠాణే రైలు 1853లో. ఈ మూడు ఊళ్లనే నేను పట్టుబట్టి చెప్పడానికి అసలు కారణం కూడా ఇదే. ఇవి ఒకప్పుడు హాబ్స్‌బర్గ్ రాజవంశం ఏలిన ఒకే సామ్రాజ్యంలోని నగరాలు. వాటిని కలపడానికే ఈ రైళ్లు వేశారు. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి ఎగిరితే ఇవి మూడు దేశాలు. రైల్లో పోతే స్టేషన్ కట్టడాలు, పసుపు గోడలు, కాఫీ హోటళ్లు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సాగుతున్నట్టు తెలుస్తుంది.

చెక్ రైల్వే డైనింగ్ కార్ ఉంటే ఒకసారి వెళ్లి కూర్చోండి. ప్లేట్లలో వేడిగా వడ్డిస్తారు, ధరలు కూడా మరీ మండవు. శాకాహారులకు దొరికేది చాలాసార్లు చీజ్ వేపుడు, బంగాళాదుంపలే.

వియన్నా

ఇక్కడ నాలుగు రాత్రులు పెట్టమన్నది ఊరు పెద్దదని మాత్రమే కాదు, పెద్దవాళ్లకు సుఖమైన ఊరని. మెట్రో స్టేషన్లన్నింట్లో లిఫ్టులున్నాయి. కుళాయి నీళ్లు ఆల్ప్స్ ఊటల నుంచి వస్తాయి, 1873 నుంచీ. బాటిల్ కొనకుండా నింపుకోండి. సెయింట్ స్టీఫెన్స్ చర్చి దక్షిణ గోపురానికి 343 మెట్లు, ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది. ఎటువైపు వెళ్లాలో నేను చెప్పక్కర్లేదు. షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో 1,441 గదులున్నా మనకు చూపించేవి కొన్నే, టైమ్ స్లాట్ ముందే తీసుకోండి. 1857లో చక్రవర్తి కోట గోడలు కూల్చమని ఆజ్ఞ ఇచ్చాక, ఆ ఖాళీలో వేసిందే రింగ్‌స్ట్రాసే రోడ్డు. ట్రామ్‌లో కూర్చునే దాని మీద పార్లమెంటు, ఒపేరా, మ్యూజియంలు చూసేయొచ్చు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెరుగు, పాలు కావాలంటే పెద్ద స్టేషన్‌లోని సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటుంది.

ఒక రోజు బయటికి ఎక్కడికి? అందరూ సాల్జ్‌బర్గ్ అంటారు. రైలే రెండున్నర గంటలు, రానూపోనూ ఐదు. పెద్దవాళ్లతో నేను ఒప్పుకోను. నా ఓటు సెమ్మెరింగ్కి. వియన్నా నుంచి గంటంబావు. 1854లో కార్ల్ ఫాన్ గేగా అనే ఇంజనీర్ పర్యవేక్షణలో పూర్తయిన కొండ రైలు దారి, 41 కిలోమీటర్లు. ఆ కాలంలో ఆ వాలు ఎక్కగలిగే ఇంజిన్ ఉందో లేదో తేలకముందే దారి వేయడం మొదలుపెట్టారు. ఇంజిన్ల కోసం తర్వాత పోటీ పెట్టారు. రెండంతస్తుల రాతి వంతెనల మీద రైలు మెలికలు తిరుగుతుంది, కిటికీలోంచి వెనక పెట్టెలు కనిపిస్తాయి. యునెస్కో 1998లో వారసత్వ జాబితాలో చేర్చింది. అరకు రైలు ఎక్కినవాళ్లకు పోలిక వెంటనే తడుతుంది, సొరంగాలు అన్ని లేవు అంతే. కింద 27 కిలోమీటర్ల కొత్త సొరంగం కడుతున్నారు. అది తెరిచాక దూరపు రైళ్లు అందులోంచే పోతాయి కాబట్టి, ఈ అందం చూడటానికి ఇదే మంచి సమయం.

కొండలు వద్దు, ఇంకో పాత ఊరు కావాలంటే బ్రాటిస్లావా ఒక గంటే. 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజులకు పట్టాభిషేకాలు అక్కడి సెయింట్ మార్టిన్ చర్చిలో జరిగాయి. ఊరు చిన్నది, సగం రోజు చాలు.

వియన్నా నుంచి బుడాపెస్ట్, రెండున్నర గంటల పైచిలుకు

దారి చదునుగా ఉంటుంది, గోధుమ చేలు, గాలిమరలు. కునుకు తీయొచ్చు. మా నాన్న తీయలేదు. హంగరీలోకి వచ్చాక తీగలో కరెంటు 25,000 వోల్టులు, 50 హెర్ట్జ్. “ఇది మన కరెంటే” అన్నారు. నిజానికి ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుతోనే రైళ్లు నడపొచ్చని పెద్ద ఎత్తున చేసి చూపించింది ఈ దారి మీదే, 1930లలో. కాల్మాన్ కాందో అనే హంగరీ ఇంజనీర్ పని అది.

1884లో తెరిచిన కెలెతి స్టేషన్ ముందు గోడ మీద జేమ్స్ వాట్, జార్జ్ స్టీఫెన్‌సన్ విగ్రహాలున్నాయి. దిగగానే హడావుడిలో ఎవరూ తల ఎత్తరు. మీరు రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూడండి. అక్కడే చేయి పట్టుకుని లాగే టాక్సీవాళ్లు కూడా ఉంటారు, వాళ్లతో వెళ్లొద్దు, యాప్‌లో పిలవండి. స్టేషన్‌లోని డబ్బు మార్చే కౌంటర్ల జోలికీ పోవద్దు. ఏటీఎంలో ‘మీ కరెన్సీలో లెక్కకట్టమంటారా’ అని అడిగితే వద్దనే నొక్కండి. చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్, ఆస్ట్రియాలో యూరో. కార్డు దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది, మరుగుదొడ్లకు చిల్లర ఉంచుకోండి. స్టేషన్లలో డబ్బు కట్టాలి, రైల్లో ఉచితం.

1896లో మొదలైన ఒకటో నంబరు మెట్రో, యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటిది, ఇప్పటికీ పసుపు రంగు చిన్న పెట్టెలతో నడుస్తుంది. కాగితం టికెట్ కొంటే మెషిన్‌లో ముద్ర వేయించడం మర్చిపోవద్దు. గేట్లు లేవని ఊరికే వెళ్లినవాళ్లను పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టర్లుంటారు, టూరిస్టులని చూడరు. ఈ మెట్రోనే సేచెన్యీ వేడినీటి స్నానశాల దాకా వెళ్తుంది. 1913 నాటిది. అమ్మగారి మోకాళ్లకు హాయిగా ఉంటుంది. చీరతో, చుడీదార్‌తో దిగనివ్వరు. ఒంటికి నిండుగా ఉండే ఈత దుస్తులు హైదరాబాద్‌లోనే కొని తెచ్చుకోండి. మా అమ్మ మొదట ఛీ అంది, తర్వాత రెండు గంటలు బయటికి రానంది.

తిండి

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు తీసుకోండి, వాదన లేదు. పొద్దున ఉప్మా, రాత్రి అన్నం, పప్పు ఇంట్లో. మధ్యాహ్నం ఒక్కపూటే బయట. పచ్చళ్లు, పొడులు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం భారత్ నుంచి తీసుకురావడం నిషేధం. కస్టమ్స్‌వాళ్లు తెరిస్తే పారేస్తారు. బయట ‘వెజిటేరియన్’ అన్నా సూప్‌లో మాంసం ఉడికించిన నీళ్లుంటాయి, పప్పు సూప్‌లో కూడా. ప్రతిసారీ అడగండి.

హంగరీలో మనవాళ్లకు ఒక ఊరట ఉంది. లాంగోష్ అని, పెద్ద పూరీ లాంటిది, నూనెలో వేయించి పైన వెల్లుల్లి నీళ్లు రాస్తారు. పాప్రికా కారం కొంటే పొట్లం మీద చూడండి. ‘ఏదెష్’ అంటే తియ్యటిది, రంగుకే తప్ప దేనికీ పనికిరాదు. ‘చీపోష్’ అంటే కారంగా ఉండేది, మనకు కావాల్సింది అది. గుంటూరు వాళ్లు అయితే ‘చీపోష్’ని కూడా చూసి నవ్వుతారు, అది వేరే సంగతి.

వీసా

మూడు దేశాలూ షెంగెన్ (ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాల కూటమి)లోనే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. నా లెక్క ప్రకారం ఆస్ట్రియా. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 30,000 యూరోల ఖర్చు భరించే ఆరోగ్య బీమా తప్పనిసరి. జూన్ ప్రయాణానికి అపాయింట్‌మెంట్ల రద్దీ ఎక్కువ, మార్చిలోపే వెళ్లిపోండి. రైళ్లలో సరిహద్దు దాటేటప్పుడు మామూలుగా ఎవరూ అడగరు, కానీ అప్పుడప్పుడు పోలీసులు ఎక్కుతారు. పాస్‌పోర్టులు సూట్‌కేసు అడుగున కాకుండా చేతిసంచిలో ఉంచండి.

చివరగా మీరు అడిగిన ఫస్ట్ క్లాస్ సంగతి. ఈ దూరాలకు అక్కర్లేదు, సెకండ్ క్లాస్ సీట్లు బాగానే ఉంటాయి. ఆ డబ్బుతో రెండు పెద్ద సూట్‌కేసులకు బదులు నాలుగు చిన్నవి కొనండి. పైన పెట్టనక్కర్లేకుండా, వీపు వీపు ఆనుకుని ఉండే సీట్ల మధ్య సందులో చిన్నవి సరిగ్గా దూరతాయి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఏ రైలుకి మెట్లు తక్కువ ఉండే పెట్టెలు వస్తాయో చూసి చెప్తాను. పాత పెట్టెలు వస్తే మూడు మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మగారికి అది ముందే తెలిస్తే మంచిది.